జాతిపట్టికయు, ప్రపంచకలహములును

యుద్ధవార్త లేని పత్రిక నేడు లోకమున కానరాదు. పఠనమందిరమునకు వచ్చి పత్రిక విప్పిన పెద్దమనుష్యుడు, ఏదో యొక దూరదేశమున తుపాకులు మ్రోగినవని చదివినంతనే, "వారు ఏ మతమువారు?" అని మొట్టమొదట అడుగును. దానికి ప్రత్యుత్తరము దొరికినచో తక్కిన వార్త చదువ నక్కరయే లేదు. ఎవరిది న్యాయమో, ఎవరిది అన్యాయమో, తుద కెవరు గెలువవలెనో, అంతయు ఆ యొక్క మాటతోనే తేలిపోవును. ఈ యభ్యాసము మన పట్టణములలో నానాటికి ముదురుచున్నది. దీనిని గూర్చి కొంత విచారించుట యవసరమని మాకు తోచుచున్నది.

ఈ యభ్యాసమునకు పండితుల మద్దతు లేకపోలేదు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన శామ్యూల్ హంటింగ్టన్ 1993లో ఒక వ్యాసమును, 1996లో ఒక గ్రంథమును ప్రకటించి, ఇకమీదట లోకమున జరుగబోవు సంఘర్షణములకు ధనము గాని, రాజకీయసిద్ధాంతములు గాని ప్రధానకారణము కావనియు, నాగరికతల మధ్య గల భేదమే మూలకారణ మగుననియు వాదించెను. నాగరికతలను వేరుచేయు లక్షణములలో మతమునకే ఆయన అగ్రస్థాన మొసగెను. ఆ వాదము స్వల్పకాలముననే దేశదేశములకు ప్రాకినది. సులభమగుటయే దాని బలము. పటముపై ఏడెనిమిది రంగులు పూసినచో చరిత్ర యంతయు అర్థమైపోవు ననినచో ఎవరికి ప్రీతి కలుగదు?

అయితే వాదమును సాక్ష్యముతో పరీక్షింపవలెను గదా. 1914 నవంబరులో తురుష్క సుల్తాను ఖలీఫా హోదాతో జిహాదు ప్రకటించి, లోకమందలి ముస్లిములందరును ఆంగ్లేయులపై లేవవలెనని పిలిచెను. 1916 జూనులో మక్కా షరీఫు హుస్సేను ఆ యాంగ్లేయులతోనే చేయి కలిపి ఖలీఫాపై తిరుగబడెను. అజర్‌బైజాను ప్రజలలో అధికసంఖ్యాకులు ఇరానువారివలెనే షియాలు. అయినను కరాబాఖు తగవున ఇరాను తన సరిహద్దు ద్వారమును క్రైస్తవ ఆర్మీనియాకు మూయలేదు. రష్యనులును, ఉక్రెయినువారును స్లావులు. ఉభయులలోను అధికసంఖ్యాకులు ఆర్థడాక్సు క్రైస్తవులు. నాగరికతయే ముఖ్యమైనచో ఈ యిరువురి మధ్య హింసకు అవకాశము స్వల్పమని హంటింగ్టన్ తన 1993 నాటి వ్యాసముననే అంచనా వేసెను. 2022 ఫిబ్రవరి 24న రష్యాసేనలు ఉక్రెయినుపై పలువైపులనుండి విరుచుకొని పడెను. అంతకు కొలదినెలలకు ముందు, 2021 జూలైలో, రష్యా అధ్యక్షుడు పుతిను ఈ రెండు జాతులును ఒక్కటేయని నిరూపించుటకు దీర్ఘవ్యాసమే వ్రాసియుండెను. అనగా ఇచ్చట మతైక్యమును, రక్తసంబంధమును శాంతికి హేతువులు కాలేదు సరికదా, పొరుగువానిని మ్రింగుటకు హక్కుపత్రములుగా చూపబడెను.

అట్లని మతము, భాష, జాతి యనునవి ఉత్త ముసుగులనియు, లోపల నున్నది సొమ్మొక్కటేననియు చెప్పువారి మాటను మే మంగీకరింపము. 1952 ఫిబ్రవరి 21న ఢాకానగరమున బంగాళీభాషకై గుండ్ల కెదురు నిలిచిన యువకులు సొమ్మునకై ప్రాణము లీయలేదు. తల్లి పలికిన పలుకునందు, తాత మ్రొక్కిన గుడియందు, తా పుట్టిన ఊరియందు మనుష్యునకు గల మమకారము సహజము, పవిత్రము. మన స్వాతంత్ర్యోద్యమ మంతయు ఆ మమకారము నాధారముగా చేసికొనియే నిలిచినది. "నే నెవరిని?" అను ప్రశ్నకు మనుష్యుడు తనకు తా నిచ్చుకొను సమాధానమునకు స్వత్వమని పేరు పెట్టుదము. ఆ సమాధానము తనంతట తాను యుద్ధమును తేదు. "నీ వెవడవు?" అని రాజ్యము ప్రశ్నించి, సమాధానమును తానే పట్టికలో వ్రాసికొని, ఆ వ్రాత ననుసరించి ఒకనికి భూమి, ఓటు, పౌరత్వము నిచ్చి మరియొకనికి లేదనినప్పుడే స్వత్వము యుద్ధబీజ మగుచున్నది. ఇదియే మా ప్రతిపాదన.

దీనికి దృష్టాంతము వెదకుటకై పడమటి దేశములకు పోనక్కర లేదు. బంగాళాఖాతమున కావలియొడ్డున నున్న బర్మా, 1989 నుండి మ్యాన్మార్ అను పేర వ్యవహరింపబడుచున్న దేశము, తెలుగువారికి చిరపరిచితము. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వేలకొలది కూలీలు ఓడలెక్కి రంగూనునకు పోయిరి. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరుననే బర్మావారు తెలుగు కూలీలను కోరంగీలని పిలిచిరి. రేవు పూడిపోయినను ఆ పేరు అచ్చట చిరకాలము నిలిచెను.

1930 మే నెలలో రంగూను ఓడరేవునందలి తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టిరి. సరకు దింపించు కంపెనీలు వారి స్థానమున బర్మా కూలీలను పెట్టుకొనెను. కొలది దినములలో తెలుగువారితో రాజీ కుదిరినంతనే బర్మావారిని పంపివేసి, పాతవారిని మరల పనిలోనికి తీసికొనెను. చేతికందిన కూడు జారిపోయిన బర్మాకూలీ కోపము కంపెనీ యజమానిపైకి పోలేదు. ఎదుట నిలిచిన తెలుగు కూలీపైకి పోయెను. దినముల తరబడి వీధులలో కత్తులు, కర్రలు ఆడినవి. నూరుమందికి పైగా హతులైరి. వారిలో అత్యధికులు మనవారే. రేవులో పుట్టిన కూలితగవు సాయంకాలమునకు జాతికలహమైనది. దాని వలన ఒక్క కంపెనీకైనను నష్టము వాటిల్లినట్లు మే మెరుగము.

ఇంతమాత్రమున బర్మావారిని నిందించి యూరకుండుట న్యాయము కాదు. వారి ఫిర్యాదును సైతము వినవలెను. 1931 జనాభాలెక్కల నాటికి రంగూను నగరవాసులలో సగమునకు మించి భారతీయులే. తమ దేశపు రాజధానిలో తామే అల్పసంఖ్యాకులైరి. ఆర్థికమాంద్యమున ధాన్యపు ధర పడిపోగా, అప్పు తీర్పలేని రైతుల భూములు తాకట్టు క్రింద పోయి, దిగువబర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాలలో ఇంచుమించు నాలుగవ వంతు భూమి చెట్టియారుల వశమయ్యెను. చెట్టియారు పోయినది తమిళదేశమునుండి, కూలి పోయినది తెలుగుదేశమునుండి. ఒకని చేత వడ్డీలెక్కల పుస్తకము, మరియొకని వీపున బియ్యపు బస్తా. బర్మారైతు కంటికి మాత్రము ఇద్దరును "కలా"లే. అనగా సముద్రము దాటి వచ్చిన పరాయివారే. అప్పు పెట్టినవానిని, మూట మోసినవానిని ఒక్క పేరుతో కట్టివేసినచో అప్పుపైని కోపము మూట మోసినవానికి తగులును. ప్రపంచమున జాతికలహములన్నిటిలోను ఇదియే తొలిమెట్టు.

రెండవమెట్టును కట్టినవారు ఆంగ్లేయపాలకులు. 1824 మొదలు 1885 వరకు మూడు యుద్ధములు చేసి బర్మాను కైవసము చేసికొని, 1886లో దానిని భారతదేశమున నొక రాష్ట్రముగా చేర్చిరి. తిరిగి 1937 ఏప్రిలు 1న వేరుచేసిరి. ఈ మధ్యకాలమున సైన్యములోనికి కరెను, కాచిను, చిను జాతులవారిని విశేషముగా చేర్చుకొని, అధికసంఖ్యాకులగు బర్మనులను దూరముగా నుంచిరి. పదియేండ్ల కొకమారు జనాభాలెక్కలలో ప్రతి మనుష్యుని మతము, భాష, జాతి గడులలో నింపిరి. 1909లో మన దేశమున ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గములు కల్పించిన నీతియే అచ్చటను నడిచెను. అంతకు పూర్వము ఒకే మనుష్యుడు ఇంటిలో ఒక భాష, సంతలో మరియొక భాష పలుకుచు, పొరుగువాని పండుగకు పోవుచు, తన జాతి యేదియో యొక్కమాటలో చెప్పవలసిన యవసరము లేకయే బ్రతికెను. గడి యేర్పడిన పిమ్మట ఆ యవసరము కలిగెను. గడిని బట్టి ఉద్యోగ మున్నప్పుడు గడిపై మమకారమును, పక్కగడిపై ద్వేషమును పుట్టుట యాశ్చర్యము కాదు.

1942లో జపానుసేనలు చొరబడినంతనే ఆ గడులు కత్తులైనవి. బర్మనుల స్వాతంత్ర్యసేన జపానువారితో వచ్చెను. కరెనులలో పెక్కురు ఆంగ్లేయుల పక్షమున నిలిచిరి. పశ్చిమతీరమందలి ఆరకానులో ఆంగ్లేయులు వెనుకకు తగ్గుచు ముస్లిములకు ఆయుధము లిచ్చిరి. బౌద్ధులలో పెక్కురు జపాను వైపు మొగ్గిరి. రెండు సామ్రాజ్యముల యుద్ధము ఇరుగుపొరుగు గ్రామముల యుద్ధమయ్యెను. ముస్లిములు ఉత్తరమునకు, బౌద్ధులు దక్షిణమునకు పారిపోయిరి. నాటి చీలిక పిమ్మట పూడలేదు. ఆ సంవత్సరముననే సుమారు 5 లక్షల భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. మశూచి, మలేరియా, ఆకలి వారిలో వేలకొలదిని దారిలోనే బలిగొనెను.

స్వాతంత్ర్యము సమీపించినప్పుడు వేరొక మార్గము కానరాక పోలేదు. 1947 ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్ అను ఊరిలో ఆంగ్‌సాను నాయకత్వమున బర్మనులును, షాను, కాచిను, చిను జాతుల పెద్దలును కలిసి, అందరికిని సమానమగు స్వాతంత్ర్యము నుద్దేశించి ఒడంబడిక వ్రాసికొనిరి. ఆంగ్‌సాను మంత్రివర్గమున రజాకు అను ముస్లిము ఉండెను. ఆయన మాండలేలో జాతీయపాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా నుండినవాడు. 1947 జూలై 19న ప్రత్యర్థులు మంత్రిసభామందిరమున చొరబడి ఆంగ్‌సానును, సహచరులను కాల్చిచంపినప్పుడు రజాకును వారితోడనే నేలకొరిగెను. ఆనాడు బౌద్ధుని నెత్తురు, ముస్లిము నెత్తురు ఒకే గదిలో ఒకే దేశమునకై చిందెను. నేటికిని జూలై 19 ఆ దేశమున అమరవీరుల దినము. ఈ విషయము మనము జ్ఞప్తియందుంచుకొనవలెను. ఏలయన, బౌద్ధులును ముస్లిములును ఆ దేశమున కలిసి యుండుట అసంభవమని చెప్పువారికి ఆ దేశపు చరిత్రయే ప్రత్యుత్తరము.

1948లో స్వతంత్రమైన పిమ్మట రాజ్యము మెల్లమెల్లగా పట్టిక చేత పట్టెను. 1961లో ప్రధానమంత్రి ఊ నూ బౌద్ధమును రాజ్యమతముగా శాసించెను. ఆయన ధర్మపరుడే, ప్రజలచే నెన్నుకొనబడినవాడే. అయినను క్రైస్తవులధికముగా గల కాచిను మండలమున అప్పుడే రగులుచున్న తిరుగుబాటునకు ఆ శాసనము ఆజ్యము పోసెను. 1962 మార్చి 2న సేనాని నే విన్ అధికారము కాజేసెను. 1963, 64 సంవత్సరములలో అంగళ్లు, మిల్లులు, బ్యాంకులు జాతీయము చేయబడగా, తరతరములుగా అచ్చట నివసించిన భారతీయులు లక్షలకొలది కట్టుబట్టలతో ఓడ లెక్కిరి. విశాఖపట్టణమందలి బర్మాక్యాంపు అను పేట పేరు ఆ వలసకు నేటికిని సాక్షి.

ఇక మూడవమెట్టు 1982 నాటి పౌరసత్వ శాసనము. న్యాయవాదవృత్తియందున్నవాడు ఈ శాసనమును చదివి నిట్టూర్పు విడువకుండ ఉండజాలడు. కాచిను, కయా, కరెను, చిను, బర్మను, మోను, రఖైను, షాను మొదలగు జాతులును, 1823కు పూర్వమే ఆ దేశమున స్థిరపడిన తెగలును పుట్టుకతో పౌరులు. ఆంగ్లేయులతో మొదటియుద్ధము 1824లో జరిగినది గనుక, అంతకు ముందటి యేడు గీత గీయబడెను. ఏ తెగ స్వజాతీయమో, ఏది కాదో తేల్చు అధికారము న్యాయస్థానమునకు లేదు. రాజ్యపాలక మండలికే దఖలు పరుపబడెను. ఈ శాసనము క్రింద అధికారము నెరపువారు తమ నిర్ణయములకు కారణములు తెలుప నక్కరలేదని శాసనమే చెప్పుచున్నది. తరువాత ప్రభుత్వము 135 తెగలతో పట్టిక ప్రకటించెను. ఆరకాను ఉత్తరభాగమందలి ముస్లిములు తమ్ము రోహింగ్యాలని చెప్పుకొందురు. ఆ పేరు పట్టికలో లేదు. భారతసంతతివారి పేరును లేదు.

పాఠకుని ఒక్కమాట యడిగెదము. 1823లో తన వంశీకులు ఏ గ్రామమున నుండిరో దస్తావేజుతో నిరూపింపగల గృహస్థు మన పట్టణమున నెందరు కలరు? జమీందారులకును, ఇనాముదారులకును ఒకవేళ సాధ్యము కావచ్చును. పొలము దున్నువానికి, చేపలు పట్టువానికి, మగ్గము నేయువానికి సాధ్యమగునా? రుజువు చేయవలసిన భారమంతయు నిరుపేదపై మోపి, కారణము చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వమునకు లేకుండ చేసిన శాసనము శాసనరూపమున నున్న దండనయే.

దీని ఫలితములు తేదీలవారీగా చూడవచ్చును. శాసనమునకు ముందే, 1978లో, పౌరులెవరో పరాయులెవరో తేల్చెదమను మిషతో సైన్యము నడపిన తనిఖీకి భయపడి 2 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశమునకు పారిపోయిరి. 1991, 92లలో మరల సుమారు రెండున్నర లక్షలు పోయిరి. 2014 జనాభాలెక్కలలో తమ్ము రోహింగ్యాలని చెప్పుకొనినవారి పేరే వ్రాసికొనలేదు. 2015లో వారి తాత్కాలిక గుర్తుపత్రములు రద్దుచేసి ఓటు తీసివేసిరి. లెక్కలో లేనివాడు, ఓటు లేనివాడు, ఏ పాలకునకు భయము కల్పింపగలడు? 2017 ఆగస్టు 25న రోహింగ్యాల సాయుధముఠా యొకటి పోలీసు ఠాణాలపై దాడి చేసెను. ఆ దాడి నేరమే. దానికి ప్రతిగా సైన్యము గ్రామములకు గ్రామములే తగులబెట్టగా, కొలది మాసములలో 7 లక్షలకు మించిన స్త్రీలు, పిల్లలు, వృద్ధులు నాఫ్ నది దాటి కాక్స్‌బజారు కొండలపై గుడిసెలు వేసికొనిరి. అహింసయే పరమధర్మమని బోధించిన తథాగతుని పేర ఇది జరిగెను. అందులకు తథాగతుడు బాధ్యుడా? శ్రీలంకలోను, థాయిదేశమునను, మన నాగార్జునకొండలోను వినబడిన బోధ యొక్కటియే. భేదము బోధలో లేదు. ఆ బోధ పేర రాజ్యము వ్రాసికొనిన చిట్టాలో నున్నది.

ఈ కథ ప్రపంచరాజకీయమున కెక్కిన విధము మిక్కిలి బోధకరము. 2015 మే నెలలో రోహింగ్యాల పడవలు సముద్రమున కొట్టుకొని పోవుచుండగా, మతబంధువులే యైన మలేషియా, ఇండోనేషియా ప్రభుత్వములు సైతము మొదట వానిని తీరమునకు రానీయలేదు. లోకము ఛీకొట్టిన పిమ్మట తాత్కాలికాశ్రయ మొసగెను. చైనాకు మతముతో పని లేదు. ఆరకాను తీరమందలి చ్యావ్‌ఫ్యూ రేవునుండి దాని యూనాను రాష్ట్రమునకు గ్యాసు, చమురు గొట్టములు పోవుచున్నవి. భద్రతామండలిలో బర్మాసైన్యమునకు అది కవచమై నిలిచెను. ఆ తీరముననే సిత్వే రేవును కట్టిన మన దేశమును గట్టిగా మాటాడలేదు. తుదకు న్యాయస్థానపు మెట్లెక్కినది పశ్చిమాఫ్రికాలోని చిన్నదేశమగు గాంబియా. 2019 నవంబరులో అది ఇస్లాముదేశముల సహకారసంస్థ మద్దతుతో హేగునందలి అంతర్జాతీయ న్యాయస్థానమున మారణకాండ వ్యాజ్యము దాఖలు చేసెను. మతబంధుత్వము ఇందులకు తోడ్పడిన మాట నిజమే. కాని నాటి గాంబియా న్యాయశాఖామంత్రి అంతకుముందు రువాండా మారణకాండను విచారించిన న్యాయస్థానమున పనిచేసినవాడు. రువాండాలో హతులును హంతకులును అధికముగా క్రైస్తవులే, భాషయు నొక్కటియే, వేరు చేసినది బెల్జియము దొరలు ప్రవేశపెట్టిన గుర్తుచీటీలోని జాతిగడి. ఆ చీటీ చూచియే 1994లో దారికాపులు ప్రాణములు తీసిరి. కావున గాంబియా వ్యాజ్యమును మతాభిమానముతో మాత్రమే వివరించుట చాలదు.

2019 డిశంబరులో హేగు న్యాయస్థానమున బర్మా పక్షమున నిలిచి సైన్యమును సమర్థించినది మరెవరో కాదు, ఆంగ్‌సాను కుమార్తె, 1991లో నోబెలు శాంతిబహుమాన మందుకొనిన సూ చీయే. తనవారి కోపమునకు జంకియో, నమ్మియో, ఆమె ఆ పని చేసెను. 2021 ఫిబ్రవరి 1న ఆ సైన్యమే ఆమెను చెరపట్టి, ప్రజలు వేసిన ఓట్లను చెత్తబుట్టలో వేసెను. పొరుగువాని నణచుటకు మనము బలపరచిన చేయి మన గొంతుపైకి రాకుండునని యెవరు హామీ ఇచ్చెదరు?

తరువాత జరిగినది మరియు విచిత్రము. సైన్యముతో పోరాడుటకు పట్టణములనుండి వేలకొలది బర్మను యువకులు అడవులకు పోయి, తమ తండ్రులు శత్రువులనుకొన్న కరెను, కాచిను దళములయొద్ద ఆయుధవిద్య నేర్చుకొనిరి. మరియొక వైపున, రోహింగ్యాలు ఈ దేశీయులే కారని చెప్పిన సైన్యమే 2024లో ఆ రోహింగ్యా యువకులను బలాత్కారముగా సేనలో చేర్చి, బౌద్ధులదగు ఆరకాను సేనపైకి తోలెను. పౌరత్వమునకు పనికిరానివాడు తుపాకి మేతకు పనికివచ్చెను. వేయేండ్లనాటి వైరములని చెప్పబడినవి అవసరము వచ్చినప్పుడు మూడేండ్లలో తారుమారైనవి.

"దేశమునకు తన పౌరులెవరో నిర్ణయించుకొను హక్కు లేదా?" అని కొందరడుగుదురు. నిశ్చయముగా కలదు. తలుపులేని యిల్లు ఇల్లు కాదు. రంగూను కథ చెప్పినట్లు, విచ్చలవిడి వలస స్థానికుని కడుపు కొట్టుటయు కలదు. అయితే ఆ నిర్ణయము మనుష్యుని పుట్టుక, నివాసము, ప్రవర్తనములను బట్టి జరుగవలెను; కారణములు వ్రాతలో తెలుపవలెను; అది తప్పైనచో విన న్యాయస్థాన ముండవలెను. మత మేది, తెగ యేది యను ప్రశ్నతో ద్వారము తెరచుటయు మూయుటయు మొదలుపెట్టిన రాజ్యము ఆ ప్రశ్నను ఇంటిలోపలికి సైతము తెచ్చుకొనును.

ఇది మన ఇంటిమాట గూడ. 1950 నాటి మన రాజ్యాంగము పౌరత్వమును నిర్ణయించునప్పుడు నివాసమును, జననమును, తల్లిదండ్రుల జన్మస్థలమును అడిగెనే కాని, దేవుని పేరడుగలేదు. దేశము మతము పేర చీలి, నెత్తురుటేరులు పారుచున్న దినములలో పెద్దలు ఆ వాక్యములు వ్రాసిరని మరువరాదు. 2019 నాటి సవరణశాసనము పాకిస్తాను, బంగ్లాదేశము, ఆఫ్ఘనిస్తానములనుండి 2014 ముగియులోపల వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పారసీ, క్రైస్తవులకు పౌరత్వము సులభము చేసెను. హింసకు లోనై వచ్చినవారికి ఆశ్రయ మిచ్చుట మన ధర్మమే. దానిని మే మాక్షేపింపము. "హింసకు లోనైనవారు" అను మాట చాలియుండగా, మతముల పేర్లు పట్టికగా వ్రాయుట మాత్రమే మా యాక్షేపణ. విశాఖ బర్మాక్యాంపులోని తెలుగువాడును, హైదరాబాదు బాలాపూరు గుడిసెలలోని రోహింగ్యాయు ఒకే దేశమునుండి పట్టికలో పేరు లేని కారణముననే వెడలగొట్టబడినవారు. ఒకని కష్టము మనకు తెలిసి, మరియొకనిది తెలియకపోవుట యెట్లు?

స్వత్వకలహములను మానుపుట యసాధ్యమని నిరాశపడ నక్కర లేదు. మన తెలుగునాటి యనుభవమే యున్నది. పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణము పిమ్మట 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమును, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశును ఏర్పడినవి. ఒకే భాష, ఒకే పండుగలు గలవారమైనను కలిసి యుండలేకపోతిమి. 1969లో తెలంగాణమున తుపాకిగుండ్లకు యువకులు బలియైరి. ఆ గాయము మానలేదు. 2014 జూన్ 2న రాష్ట్రము రెండయ్యెను. నీటిపంపకములు, ఆస్తులపంపకములు గూర్చి తగవులు మిగిలెను. అయినను విజయవాడవాడు హైదరాబాదునకు పోవుటకు అనుమతిపత్ర మక్కరలేదు. ఏ యొడ్డున పుట్టినవాడైనను ఉభయత్ర పౌరుడే. ఓటు, శాసనసభ, న్యాయస్థానము అను త్రోవ తెరచియుండుటచేతను, పౌరత్వము పట్టికకు చిక్కకుండుటచేతను ఆ కలహము యుద్ధము కాలేదు. భాషైక్యము మనలను కలిపియుంచలేదు. ప్రాంతభేదము మనలను శత్రువులుగా చేయలేదు.

కావున పాఠకమహాశయులకు మా మనవి యిది. రేపు పత్రికలో మరియొక దేశపు కలహవార్త చదువునప్పుడు, వారి మతమడుగుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుడు. అచ్చటి శాసనము ఎవరిని పౌరులుగా వ్రాసినది, ఎవరిని విడిచినది? తగవు ఏ భూమిపై, ఏ కూలిపై, ఏ రేవుపై మొదలైనది? అది ముదురుటవలన ఎవరి గద్దె నిలుచుచున్నది? ఈ మూడింటికి సమాధానములు తెలిసిన పిమ్మట వారి మతము గూడ తెలిసికొనుడు. అప్పుడది మిమ్ము మోసగింపదు. మన శాసనసభలలో పౌరత్వమును గూర్చి ఏ చట్టము చర్చకు వచ్చినను, ఆ మూడు ప్రశ్నలనే మన ప్రతినిధులను సైతము అడుగుడు. రంగూను రేవులో కూలిన తెలుగు కూలీలకు మన మీయగల తర్పణ మిదియే.